మెగ్గోనగల్ టీచరమ్మ కోపం

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

హ్యారీ పోటర్ సినిమాలలో, మంత్రాలు నేర్పే బడిలో, కోసు టోపీ పెట్టుకొని పిల్లలను గదమాయించే మెగ్గోనగల్ టీచరమ్మకు నిజంగానే అంత కోపం ఉండేదా అని మీలో చిన్నది ఫోనులో అడిగింది. ఆ వేషం వేసిన మ్యాగీ స్మిత్ 2024 సెప్టెంబరు 27న లండన్‌లో, 89వ ఏట కన్నుమూశారు. ఫోనులో సరిగా చెప్పలేకపోయాను కనుక రాస్తున్నాను.

నా ఎనిమిదో ఏట మా ఊరి రామాలయం ముందు వీధినాటకం ఆడారు. పెట్రోమాక్సు వెలుగులో దుర్యోధన వేషగాడు గద ఎత్తి గర్జిస్తే నేను నాయనమ్మ కొంగు చాటున దాక్కున్నాను. తెల్లవారి పాల కోసం వెళుతుంటే, అదే మనిషి ఒక అరుగు మీద కూర్చొని కొబ్బరినూనెతో ముఖాన ఉన్న అర్దళం రంగు తుడుచుకుంటూ, "బాబూ, కాసిని మంచినీళ్లు తెచ్చిపెడతావా?" అని ఎంతో మెత్తగా అడిగాడు. రాత్రి విన్న ఆ గొంతు ఎక్కడికి పోయిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మ్యాగీ స్మిత్ 1934లో ఇంగ్లండులోని ఇల్ఫర్డ్‌లో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో పెరిగారు. 1952లో, పదిహేడేళ్ల వయసులో, అక్కడి ప్లేహౌస్‌లో షేక్‌స్పియర్ నాటకంలో మగవేషంలో తిరిగే వయోలాగా రంగస్థలమెక్కారు. 1963లో పేరుమోసిన నటుడు లారెన్స్ ఒలివియర్ ఆమెను లండన్‌లోని నేషనల్ థియేటర్ నాటక సంస్థకు పిలిచారు. మరుసటి ఏడాది షేక్‌స్పియర్ 'ఒథెల్లో' నాటకంలో ఆయన ఒథెల్లో, ఆమె అతని భార్య డెస్డెమోనా.

నాటకానికీ సినిమాకూ తేడా చెప్పడానికి నాకు మా ఇంటి లాంతరు గుర్తుకొస్తుంది. వాకిట్లో నలుగురూ కూర్చున్నప్పుడు వత్తి పెంచేవారు. మేము పడుకున్నాక నాయనమ్మ దానిని తగ్గించేది. నాటకశాలలో చివరి వరుసకూ వెలుగు చేరాలి, కనుక నటులు వత్తి పెంచాలి. సినిమాలో కెమెరా ముఖానికి దగ్గరగా ఉంటుంది. అక్కడ వత్తి పెంచితే చిమ్నీ మసిబారుతుంది, మరీ తగ్గిస్తే దీపం ఆరిపోతుంది. ఆ రెంటి మధ్య నిలపడం మ్యాగీ స్మిత్‌కు తెలిసినంతగా కొద్దిమందికే తెలుసు. ఒక్క కనుబొమ్మ ఎత్తితే చాలు. ఇక పాత్రలంటారా, చిమ్నీకి చుట్టిన రంగు కాగితాలనుకోండి: ఎర్రదైనా పచ్చదైనా లోపలి నూనె ఒకటే.

అలాంటి రెండు కాగితాలు చూడండి. 1969లో 'ద ప్రైమ్ ఆఫ్ మిస్ జీన్ బ్రోడీ'లో ఆమె ఎడిన్‌బరో బాలికల బడిలో టీచరు. ఉత్తమ నటిగా ఆస్కార్ తెచ్చిన పాత్ర. ఆ టీచరు పిల్లలను మురిపించి తప్పుదారి పట్టిస్తుంది. మెగ్గోనగల్ గదమాయించి కాపాడుతుంది. తీపిగా మాట్లాడే వారందరూ మన మేలు కోరేవారు కారని, కసిరేవారందరూ పగవారు కారని మీకూ మెల్లగా తెలుస్తుంది. మరో వింత: 1978 నాటి 'కాలిఫోర్నియా స్వీట్'లో ఆస్కార్ దక్కక బాధపడే నటిగా నటించి, ఆ పాత్రకే సహాయ నటిగా ఆస్కార్ గెలుచుకున్నారు!

హ్యారీ పోటర్ ఆరవ భాగం తీస్తున్నప్పుడు ఆమె క్యాన్సరుకు చికిత్స పొందుతున్నారు. జుట్టు రాలిపోయినా విగ్గు పెట్టుకొని వచ్చి పని పూర్తిచేశారు. నాకు ఆమె మీద ఉన్న గౌరవంలో సగం అందుకే.

ఈ ఆదివారం మొదటి భాగం పెట్టుకొని, హ్యారీ తొలిసారి చీపురు మీద ఎగిరిన ఘట్టం దగ్గర శబ్దం తీసేయండి. టీచరమ్మ వాడిని పిలుచుకుపోతుంది. బడి నుంచి వెళ్లగొడతారని వాడి భయం. ఆమె ముఖంలో సంతోషం సరిగ్గా ఎక్కడ మొదలవుతుందో కనిపెట్టి నాకు ఉత్తరం రాయండి.

మీ తాతయ్య