స్టార్ స్క్రూడ్రైవర్లన్నీ ఒకటే కావు: షెడ్డులో రోజూ వినే అపోహలు

సోమవారం నుంచి శనివారం దాకా మా షెడ్డుకు వచ్చేవి చెడిపోయిన బళ్లు. ఆదివారం సాయంత్రం వచ్చేవి బాగుచేయబోయి చెడగొట్టిన బళ్లు. ఇరవై రెండేళ్లుగా తిరుపతిలో టూవీలర్లు బాగుచేస్తున్నాను. ఈ లెక్క పెద్దగా తప్పలేదు.

కిందటి నెల ఒక ఆదివారం కొర్లగుంట నుంచి ఒక అయ్యవారు బండి తోసుకుంటూ వచ్చారు. బడిలో లెక్కలు చెబుతారు. హ్యాండిల్ మీద ముందు బ్రేకు ఆయిల్ డబ్బా మూతకు రెండు స్క్రూలు ఉంటాయి కదా, వాటిలో ఒకదాని గాడి పూర్తిగా చెరిగిపోయి గిన్నెలా తయారైంది. రెండోదాని మీద ఉలి పెట్టి కొట్టిన గాట్లు. బండి నడుస్తోంది, బ్రేకు పడుతోంది, అయినా ఎక్కడానికి భయపడి తోసుకొచ్చారు.

“చూడప్పా, ఆయిల్ నల్లబడిందని మారుద్దామనుకున్నాను. ఇప్పుడు బ్రేకు ఫెయిలవుతుందా? మూత కదిలిస్తే గాలి దూరి బ్రేకు పోతుందని టీ కొట్టు దగ్గర ఎవరో అన్నారు. వచ్చే వారం కొండకు ఈ బండి మీదే వెళ్లాలి.”

ముందు ఆ టీ కొట్టు మాట సంగతి తేలుస్తాను. మూత తీసినంత మాత్రాన బ్రేకు గొట్టంలోకి గాలి పోదు. డబ్బా అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. ఆయిల్ ఆ రంధ్రం కంటే కిందికి దిగాక లివర్ నొక్కితేనే గాలి లోపలికి వెళుతుంది. ఈయన మూత అసలు ఊడనే లేదు, ఇక గాలి ఎక్కడి నుంచి వస్తుంది? ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకు వదిలేస్తుందేమోనన్న భయం మాత్రం నాకు అర్థమవుతుంది. ఈ ఊళ్లో బండి ఉన్న ప్రతి ఒక్కరికీ ఆ భయం ఉంటుంది, ఉండాలి కూడా. ఆ భయం మీద పుకార్లు అల్లేవాళ్లను చూస్తేనే నాకు ఒళ్లు మంట.

అయ్యవారి తప్పు వేరే చోట ఉంది. మిక్సీ అడుగు విప్పడానికి ఎప్పుడో కొన్న సన్నటి స్టార్ స్క్రూడ్రైవర్ తెచ్చి ఆ స్క్రూ మీద పెట్టారు. గాడిలో దిగింది కాబట్టి సరిపోయిందనుకున్నారు.

అపోహ: స్టార్ అంటే స్టారే, గాడిలో దిగితే చాలు

నా దగ్గరకు వచ్చే ఆదివారపు బళ్లలో ఎక్కువ భాగం ఈ ఒక్క నమ్మకం బాధితులే. కాణిపాకంలో ప్రమాణం చేయమన్నా చేస్తాను.

స్టార్‌కు సైజులు ఉన్నాయి. కడ్డీ మీదో పిడి మీదో పీహెచ్-1, పీహెచ్-2, పీహెచ్-3 అని ముద్ర ఉంటుంది, అంకె పెరిగేకొద్దీ కొన లావవుతుంది. స్క్రూ మర లావు 3 మిల్లీమీటర్ల లోపు ఉంటే ఒకటో నంబరు, 4, 5 మిల్లీమీటర్లయితే రెండో నంబరు, 6 మిల్లీమీటర్లయితే మూడో నంబరు. బ్రేకు డబ్బా మూత స్క్రూ సాధారణంగా 4 మిల్లీమీటర్లది, అంటే రెండో నంబరు. అయ్యవారు తెచ్చినది ఒకటో నంబరు. రెండో నంబరు గాడిలో ఒకటో నంబరు కొన హాయిగా దిగుతుంది. దిగి అడుగున ఎక్కడో ఆనుకుంటుంది తప్ప గోడలను పట్టుకోదు. తిప్పగానే రెక్కల అంచులు గాడి గోడలను చెక్కేస్తాయి. మొదటిసారి జారినప్పుడే ఆపేస్తే స్క్రూ బతికి ఉంటుంది. మనవాళ్లు ఆపరు, పళ్లు బిగించి మళ్లీ తిప్పుతారు.

సరిపోయిందో లేదో తెలుసుకోవడం సులువు. స్క్రూడ్రైవర్‌ను గాడిలో నిలబెట్టి పిడిని వేలితో అటూ ఇటూ ఊపండి. లొడలొడలాడితే అది మీ స్క్రూకు పుట్టినది కాదు. విడి స్క్రూ చేతిలో ఉంటే కొనకు తగిలించి అడ్డంగా పట్టుకోండి. అయస్కాంతం లేకుండా పడిపోకుండా నిలిస్తే ఆ జోడీ కుదిరినట్టే.

ఇంకో చిక్కుంది. అమెరికాలో హెన్రీ ఫిలిప్స్ పేరిట 1936లో పేటెంటు వచ్చిన స్టార్ గాడి ఒకటి. జపాన్ వాళ్లు తమ ప్రమాణం ప్రకారం చేసుకున్న స్టార్ గాడి మరొకటి, దాన్ని జేఐఎస్ అంటారు. చూపుకు కవల పిల్లలే. కానీ ఫిలిప్స్ కొనలో రెక్కలు కలిసే మూల కాస్త గుండ్రంగా ఉంటుంది, జపాన్ గాడిలో ఆ మూల పదునుగా ఉంటుంది. అందుకే ఫిలిప్స్ కొన అడుగుదాకా దిగకముందే మూల దగ్గర ఆగిపోతుంది. ఇది మనకెందుకంటారా? హీరో పక్కన హోండా, టీవీఎస్ పక్కన సుజుకి, బజాజ్ పక్కన కవాసకి, ఎస్కార్ట్స్ పక్కన యమహా అన్నీ 1980ల నాటి సంబంధాలు. మన బళ్లలో చాలావాటి పుట్టిల్లు జపాన్. పాత బళ్ల స్క్రూ తల మీద గాడి పక్కన చిన్న చుక్క కనిపిస్తే అది జపాన్ కొలత గాడి. చుక్క లేనంత మాత్రాన కాదని చెప్పలేం. జేఐఎస్ స్క్రూడ్రైవర్ మామూలు ఫిలిప్స్ స్క్రూలోనూ చక్కగా కూర్చుంటుంది కాబట్టి, సొంత బండి విప్పుకునే అలవాటు ఉన్నవాళ్లు రెండో నంబరులో జేఐఎస్‌దే కొనుక్కుంటే మంచిది. జపాన్ కంపెనీ వెసెల్ చేసేవి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. దొరకకపోతే మంచి ఫిలిప్స్ కొన చివర ఆకురాయితో కొద్దిగా అరగదీసినా లోతుకు దిగుతుంది. గ్రైండర్ మీద పెడితే నీళ్లలో ముంచుతూ చేయండి, కొన నీలం రంగుకు తిరిగిందంటే ఉక్కు మెత్తబడినట్టే.

సరైనది దొరికాక కూడా సగం పని మిగిలే ఉంటుంది. స్టార్ గాడి గోడలు లోపలికి వాలుగా ఉంటాయి. బలంగా తిప్పేకొద్దీ ఆ వాలు కొనను బయటికి నెట్టేస్తుంది. కాబట్టి తిప్పే బలం కంటే నొక్కే బలం ఎక్కువ ఉండాలి. నేను కుర్రాళ్లకు డెబ్బై వంతులు నొక్కు, ముప్పై వంతులు తిప్పు అని చెబుతాను. అయ్యవారికి ఇదే చెబితే, “వంద వంతులూ తిప్పాను కదప్పా” అన్నారు.

పని నేర్చుకునే రోజుల్లో నేనూ వంద వంతులు తిప్పినవాడినే. చిత్తూరులో మా గురువు షెడ్డు ఉండేది. ఆయన వేలూరు వైపు నుంచి వచ్చిన మనిషి, స్క్రూడ్రైవర్‌ను తమిళంలో తిరుప్పులి అనేవారు. ఒకరోజు ఆర్‌ఎక్స్-100 ఇంజను పక్క మూత విప్పమన్నారు. దానికి చుట్టూ 6 మిల్లీమీటర్ల స్టార్ స్క్రూలు. మూడో నంబరు ఎక్కడుందో వెతకడానికి బద్ధకించి చేతిలో ఉన్న రెండో నంబరు పెట్టాను. రెండు వచ్చాయి, మూడోది చెరిగింది. ఆయన తిట్టలేదు. హాక్సా బ్లేడు ముక్క చేతికిచ్చి, స్క్రూ తల మీద అడ్డంగా గాడి కోసి మైనస్ స్క్రూడ్రైవర్‌తో తీయమన్నారు. మధ్యాహ్నం మొదలుపెడితే దీపాలు పెట్టే వేళకు వచ్చింది. అప్పుడు ఒక్క మాటన్నారు: “ఒరే, ఎముక విరిగితే పుత్తూరు కట్టు ఉంది. స్క్రూ తల అరిగితే ఏ ఊళ్లోనూ కట్టు లేదు.”

బిగుసుకుపోయిన స్క్రూల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అల్యూమినియం డబ్బాలో ఉక్కు స్క్రూ, పైన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానలు. రెండు లోహాల మధ్య తెల్లటి పొడిలాంటి తుప్పు పట్టి స్క్రూ అతుక్కుపోతుంది. విప్పే ముందు స్క్రూడ్రైవర్‌ను గాడిలో నిలబెట్టి పిడి వెనక సుత్తితో రెండు మూడు చిన్న దెబ్బలు వేయండి. కొన గట్టిగా కూర్చుంటుంది, తుప్పు పట్టు వదులుతుంది. ఇంజను మూతల్లాంటి పెద్ద స్క్రూలకు చేతి ఇంపాక్ట్ డ్రైవర్ ఉంది, సుత్తితో కొడితే నొక్కడమూ తిప్పడమూ ఒకేసారి అదే చేస్తుంది. బ్రేకు డబ్బా దగ్గర మాత్రం డీజిలు, కిరోసిను, డబ్ల్యూడీ-40 ఏవీ పోయకండి. పెట్రోలియం నూనె చుక్క బ్రేకు ఆయిల్‌లో కలిసినా లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బి పాడవుతాయి. అప్పుడు టీ కొట్టు జోస్యం నిజంగానే ఫలిస్తుంది.

అయ్యవారి స్క్రూల తలలను డ్రిల్లుతో తొలిచేశాను. తల పోతే మూత వచ్చేస్తుంది, మిగిలిన ముక్కకు బిగువు ఉండదు కాబట్టి గ్రిప్ ప్లయర్‌తో పట్టుకుంటే తిరిగి వచ్చింది. కొత్తవి ఆరు పలకల గుంట ఉండే అలెన్ తలవి వేశాను. గంటకు పైగా పట్టింది, నూట యాభై తీసుకున్నాను. ఉలి దెబ్బ ఇంకొంచెం పక్కకు పడి డబ్బా మర పగిలి ఉంటే మాస్టర్ సిలిండరే, అంటే ఆ డబ్బాతో సహా బ్రేకు పంపు మొత్తం, మార్చాల్సి వచ్చేది. ఆ డబ్బుతో ఒక మంచి స్క్రూడ్రైవర్ల సెట్టే వచ్చేది.

అపోహ: ముప్పై ఒక్క కొనలున్న స్క్రూడ్రైవర్ డబ్బా కొంటే ఇక ఏదీ కొననక్కర్లేదు

ఆ డబ్బాలో సగం కొనలు ఫోన్లకూ, లాప్‌టాప్‌లకూ. మీరు జన్మలో వాడరు. మిగతావి కూడా పొట్టి బిట్లు. పట్టుకునే గొట్టం లావుగా ఉండి లోతులో ఉన్న స్క్రూ దాకా పోదు, పైగా పట్టు దగ్గర ఊగుతుంది. ఇంటి పనికీ, బండి పనికీ కలిపి నన్నడిగితే నాలుగు చాలు: 6 మిల్లీమీటర్ల లావు కడ్డీతో రెండో నంబరు స్టార్, సన్నది ఒకటో నంబరు స్టార్, 6 మిల్లీమీటర్ల వెడల్పు మైనస్, 3 మిల్లీమీటర్ల మైనస్. నాలుగింటిలో మొదటిదాని మీద డబ్బు పెట్టండి, మిగిలినవి మామూలువైనా గడిచిపోతుంది. మా షెడ్డులో ఎక్కువగా నాసిక్‌లో చేసే టపారియా కంపెనీవే ఉన్నాయి, ఎంత పడేసినా తట్టుకుంటున్నాయి. కార్బొరేటర్ బండి అయితే పొట్టి కడ్డీ రెండో నంబరు ఒకటి చేర్చుకోండి, ఫ్లోట్ గిన్నె స్క్రూల దగ్గర పొడుగుది తిరగదు. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 బళ్లలో చాలావాటికి కార్బొరేటరే లేదు, దాని అవసరమూ లేదు. ఆ బళ్లకు స్క్రూడ్రైవర్ల కంటే 8, 10 నంబరు స్పానర్లూ, అలెన్ కీలూ ఎక్కువ పనికొస్తాయి.

అపోహ: పిడి ప్లాస్టిక్‌ది, షాకు కొట్టదు

ఇది నా వృత్తి కాదు కానీ చెప్పకుండా ఉండలేను. ప్లాస్టిక్ పిడి వేరు, కరెంటు పనికి చేసిన స్క్రూడ్రైవర్ వేరు. రెండోదానికి కడ్డీ కూడా కొన దాకా తొడుగుతో ఉంటుంది, దాని మీద రెండు త్రికోణాల గుర్తూ 1000 వోల్టులన్న ముద్రా ఉంటాయి. బోర్డు విప్పేటప్పుడు మామూలు స్క్రూడ్రైవర్ కడ్డీ మీదికి మీ చూపుడువేలు జారిందంటే 230 వోల్టులు మీ చేతిలో ఉన్నట్టే. మెయిన్ ఆపేశామని ధీమా వద్దు, ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే కొన్ని లైన్లలో కరెంటు ఇంకా ఉంటుంది. ఇక టెస్టర్ అన్నది కరెంటు ఉందో లేదో చూడడానికి. దానితో బండి స్క్రూలు విప్పే మహానుభావులు ఉన్నారు. కొన మెలిపడుతుంది, లోపలి దీపం పగులుతుంది. ఆ తర్వాత అది వెలగకపోతే కరెంటు లేదనుకుంటారు.

మిగిలినవి త్వరగా: అయస్కాంతం కొన మంచి స్క్రూడ్రైవర్‌కు గుర్తు కాదు, జారిన స్క్రూ వెతుక్కునే పని తప్పుతుంది, అంతే. క్రోమ్ వెనేడియం అని ముద్ర ఉన్నంత మాత్రాన నమ్మకండి, ముద్ర వేయడానికి ఖర్చేమీ కాదు. ఆరు రేకుల టార్క్స్ గాడిలో అలెన్ కీ పెట్టి తిప్పకండి, ఒకసారి తిరిగినా రెండోసారికి రెండూ పోతాయి. విడిభాగాలుగా వచ్చే అలమరాల స్క్రూల తల మీద స్టార్ మధ్య సన్నటి గీతలు కనిపిస్తే అది పోజీడ్రైవ్, దానికి పీజెడ్ అని ముద్ర ఉన్న కొన కావాలి. చెయిను బిగించడానికీ, టైరు తీయడానికీ మైనస్ స్క్రూడ్రైవర్ వాడేవాళ్లతో నాకు మాటల్లేవు.

స్టార్ కొన అంచులు మెరుస్తూ గుండ్రంగా కనిపిస్తే దాని ఆయుష్షు తీరింది. అలాంటివి మా షెడ్డులో పెయింటు డబ్బాల మూతలు తీయడానికి ఒక రేకు డబ్బాలో పడి ఉంటాయి. అయ్యవారి మిక్సీ స్క్రూడ్రైవర్ కూడా ఇప్పుడు అందులోనే ఉంది. కొండకు వెళ్లి వచ్చాక లడ్డూతో పాటు తెచ్చి ఆయనే స్వయంగా వేసి వెళ్లారు.