బోను బండి నుంచి ముడసర్లోవ దాకా

విశాఖపట్నం జూ చూసొచ్చినవాళ్ళలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ముడసర్లోవ వైపు దానికి అనుబంధంగా ఇంకో జంతుశాల కట్టారు. అది సందర్శకుల కోసం కాదు. సర్కస్‌ల నుంచి తెచ్చిన సింహాలు, పులులు ముసలితనం గడుపుకోవడానికి ఏర్పాటైన పునరావాస కేంద్రం. తిరుపతి జూలోనూ అలాంటిదే పెట్టారు. "సర్కస్‌లో జంతువుల్ని ఎప్పుడో ఆపేశారుగా" అని తేలిగ్గా అనేస్తాం గానీ, ఆపడం ఒక్కరోజులో జరగలేదు. ఒక్కో జంతువు పేరూ చేరుస్తూ, కోర్టుల చుట్టూ తిరుగుతూ జరిగింది. ఏనుగు సంగతి ఇంకా తేలనే లేదు.

సర్కస్ మొదలైంది గుర్రంతో. 1768లో లండన్‌లో ఫిలిప్ ఆస్ట్లీ అనే మాజీ సైనికుడు గుండ్రటి బరిలో గుర్రం మీద నిలబడి స్వారీ చేసి చూపించాడు. ఇప్పటికీ సర్కస్ రింగు 42 అడుగుల వ్యాసంతో ఉంటుందంటే కారణం గుర్రమే. అది పరుగెత్తుతుంటే మీద నిలబడ్డ మనిషి తూలిపోకుండా ఉండటానికి కుదిరిన కొలత అది. పులులూ సింహాలూ తర్వాతి శతాబ్దంలో, వలస రాజ్యాల నుంచి జంతువుల వ్యాపారం జోరందుకున్నాక వచ్చాయి. హాంబర్గ్‌లో ఆ వ్యాపారం చేసిన కార్ల్ హాగెన్‌బెక్ కొట్టకుండా, మాంసం ముక్క ఆశ చూపి నేర్పించే పద్ధతికి పేరు తెచ్చాడు. జంతు హింస గొడవ నిన్నమొన్నటి ఫ్యాషన్ అనేవాళ్ళు ఈ ముక్క గుర్తుంచుకోవాలి. ప్రేక్షకులకు అప్పుడే మనసులో కాస్త ముల్లు గుచ్చుకోకపోతే "మేం కొట్టం" అని చెప్పుకోవాల్సిన పని ఎవరికుంటుంది?

మన దేశానికి సర్కస్ వచ్చింది ఇటలీవాడి వెంట. చియారిని కంపెనీ బొంబాయిలో ప్రదర్శనలిస్తున్న రోజుల్లో, ఇలాంటిది భారతీయుల వల్ల కాదని ఆయన అన్నాడనీ, కురుంద్వాడ్ రాజుగారి అశ్వశాల చూసే విష్ణుపంత్ ఛత్రేకి అది తగిలిందనీ చెబుతారు. 1880 మార్చిలో ఛత్రే 'గ్రేట్ ఇండియన్ సర్కస్' ఆట బొంబాయిలో మొదలైంది. ఆ తర్వాత కేరళలోని తలశ్శేరిలో కీలేరి కుంఞికణ్ణన్ కసరత్తులు నేర్పి, 1901లో సర్కస్ బడి పెట్టారు. దేశంలోని పెద్ద కంపెనీల్లో ఉయ్యాల ఫీట్లు చేసినవాళ్ళలో ఎందరో ఆ ఊరి చుట్టుపక్కలవాళ్ళే. బెంగాల్లో ప్రియనాథ్ బోస్ కంపెనీలో సుశీలా సుందరి పులుల బోనులోకి వెళ్ళేది. తెల్లవాళ్ళ ముందు మనం పిరికివాళ్ళం కాదని చూపించుకోవడం కూడా ఆనాటి సర్కస్‌లో సగం సంగతి.

తెలుగువాళ్ళకైతే కోడి రామమూర్తి నాయుడు గారున్నారు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో సర్కస్ కంపెనీ పెట్టి, కలియుగ భీముడనిపించుకున్నారు. రొమ్ము మీద ఏనుగును ఎక్కించుకోవడం ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చే ఫీటు. మనం ఇప్పటికీ ఆయన ఛాతీ గురించే మాట్లాడుకుంటాం. పడుకున్న మనిషి మీద అడుగేసి కదలకుండా నిలబడటం ఆ ఏనుగుకి ఎలా నేర్పారన్నది ఆ కథలో ఎక్కడా రాదు. రామమూర్తి గారిని తప్పుపట్టడానికి కాదు ఈ మాట, ఆ రోజుల్లో ఎవరికీ రాని ప్రశ్న అది.

సర్కస్ ఊరికొస్తే ఆటోలో మైకు తిరిగేది, రాత్రి ఆకాశంలో సెర్చిలైటు తిరిగేది. ఒంటిగంట, నాలుగు, ఏడు అని రోజుకి మూడు ఆటలు. సింహాల ఐటెమ్‌కి ముందు రింగు చుట్టూ ఇనప కంచె బిగించేవాళ్ళు. బోను బండి దగ్గర్నుంచి రింగు దాకా ఊచల సొరంగం ఒకటి. సింహం ఆ సొరంగంలోంచి వచ్చి తన పీట తనెక్కి కూర్చునేది. రింగ్ మాస్టర్ కొరడా గాల్లో చెళ్ళుమనేది. పులి మంట రింగులోంచి దూకేది. పది నిమిషాల్లో అంతా అయిపోయేది. మిగతా ఇరవై మూడు గంటల పైచిలుకు సంగతి గ్యాలరీలో కూర్చున్నవాళ్ళకి కనపడదు. అటూ ఇటూ తిరగడానికి తప్ప నడవడానికి చోటు లేని బండి, ఊరు మారినప్పుడల్లా లారీ ప్రయాణం. డేరా వెనక్కి వెళ్ళి చూసినవాళ్ళకి ఏనుగు గొలుసుతో ఒకేచోట నిలబడి అదే పనిగా తల ఊపుతుండటం కనిపించేది. హుషారుగా ఉందనుకునేవాళ్ళం. కదిలే వీల్లేని జంతువుకి పట్టే దుస్థితి అని పశువైద్యులు చెబుతారు.

చట్టం వచ్చింది 1960లో. అంతకుముందే రాజ్యసభలో సభ్యురాలైన నర్తకి రుక్మిణీదేవి అరండేల్ ప్రైవేటు బిల్లు పెట్టి పట్టుబట్టడం వల్లే జంతు హింస నివారణ చట్టం రూపుదిద్దుకుంది. అందులో ప్రదర్శన జంతువులకి ఒక అధ్యాయం ఉంది. వాటిని ఆడించేవాళ్ళు పేరు నమోదు చేయించుకోవాలి, ఏ జంతువుతో ఎలాంటి ఫీట్లు చేయిస్తారో చెప్పాలి. ఉల్లంఘిస్తే 500 రూపాయల దాకా జరిమానా, లేదా 3 నెలల దాకా జైలు, లేదా రెండూ. అయితే 21వ సెక్షన్‌లో ఆ అధ్యాయం వరకు 'ప్రదర్శన' అంటే ఏమిటో చెప్పారు. టికెట్టు అమ్మి జనాన్ని లోపలికి రానిచ్చే వినోదమే ప్రదర్శన. అంటే ఇంటి ముందుకొచ్చే గంగిరెద్దు గానీ, పిల్లల భయం పోతుందని మనవాళ్ళు పసివాళ్ళని వీపు మీద కూర్చోబెట్టిన ఎలుగుబంటి గానీ ఆ లెక్కలోకి రావు. ఎలుగుబంటి ఆటని ఆపడానికి వన్యప్రాణి చట్టం కావాల్సి వచ్చింది. టికెట్టు కొన్నవాడి రూపాయి దగ్గరే ఆ అధ్యాయం మొదలవుతుంది, అక్కడే ఆగిపోతుంది.

అదే చట్టంలోని 22వ సెక్షన్ కింద ఫలానా జంతువుని ఆడించకూడదని కేంద్రం నోటిఫికేషన్ ఇవ్వొచ్చు. ఆ అధికారం వాడటానికి 30 ఏళ్ళు పట్టింది. 1991 మార్చిలో ఎలుగుబంట్లు, కోతులు, పులులు, చిరుతలు, కుక్కలు అని జాబితా ఇచ్చారు. సర్కస్‌ల సంఘం ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళింది. సమీక్షలు, కమిటీలు అన్నీ అయ్యాక 1998 అక్టోబరులో కొత్త జాబితా వచ్చింది. కుక్కలు పోయి సింహాలు చేరాయి. మళ్ళీ కేసు, ఈసారి కేరళ హైకోర్టులో. యజమానుల వాదన కొట్టిపారేయదగ్గదేం కాదు. వ్యాపారం చేసుకునే హక్కు మాకు లేదా, డేరాని నమ్ముకున్న కుటుంబాల మాటేమిటి, ఈ అయిదే ఎందుకు అన్నారు. 2000లో హైకోర్టు నిషేధాన్ని సమర్థిస్తూ, మనుషులకి ప్రాథమిక హక్కులున్నప్పుడు జంతువులకి ఎందుకుండకూడదని అడిగింది. 2001 మేలో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది.

తీర్పు వచ్చాక అసలు తలనొప్పి మొదలైంది. సర్కస్‌లలో ఉన్న సింహాల్నీ పులుల్నీ ఏం చేయాలి? బోనులో పుట్టి బోనులో పెరిగినవి వేటాడలేవు, కాబట్టి అడవి మాట లేదు. సింహాల్లో చాలా భాగం ఆఫ్రికా జాతినీ గిర్ జాతినీ కలిపి పుట్టించినవి, అందుకని జూలు సంతతి పెంచడానికీ పనికిరావు. మగవాటికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసి, విశాఖ, తిరుపతి, బెంగళూరు దగ్గరి బన్నేరుఘట్ట, చెన్నై వండలూరు, జైపూర్ లాంటిచోట్ల కేంద్రాలు కట్టి, మేపుతూ వచ్చారు. డబ్బు కేంద్ర జూ ప్రాధికార సంస్థది, అంటే జనానిదే. ఆడించినన్నాళ్ళూ టికెట్టు డబ్బులు కంపెనీకి, ఆపేశాక మాంసం ఖర్చు మన పన్నులకి. అయినా నాకు ఇది తప్పనిపించదు. చూసి చప్పట్లు కొట్టిన తరం ఆ మాత్రం చెల్లించుకోవాల్సిందే.

జాబితాలో లేనివి మాత్రం రింగులోనే ఉండిపోయాయి. గుర్రాలు, ఒంటెలు, కుక్కలు, చిలకలు, అన్నిటికన్నా ముఖ్యంగా ఏనుగులు. అడవి జంతువని పులిని తీసేసి, ఏనుగుని స్టూలు మీద కూర్చోబెట్టడం ఏ వాదనతోనూ పొసగదు. ఈలోగా 2011లో పిల్లల్ని సర్కస్ పనిలో పెట్టుకోకూడదని సుప్రీంకోర్టు తేల్చింది. 2013 ప్రాంతంలో తనిఖీల తర్వాత చాలా సర్కస్‌లకి జంతువుల్ని ఉంచుకునే గుర్తింపు రద్దయింది. బయట దేశాల్లోనూ గాలి మారింది. బొలీవియా 2009లో సర్కస్‌లో అన్ని జంతువుల్నీ నిషేధించింది. అమెరికాలో రింగ్‌లింగ్ కంపెనీ 2016లో ఏనుగుల్ని మానేసి, మరుసటేడు మూతపడి, 2023లో జంతువుల్లేకుండా మళ్ళీ వచ్చింది. జర్మనీలో రొంకాలీ సర్కస్ వెలుతురుతో ఏనుగు బొమ్మని గాల్లో చూపిస్తోంది.

2018 నవంబరులో మన కేంద్రం, సర్కస్‌లో ఏ జంతువునీ ఆడించకూడదని ముసాయిదా నిబంధన ప్రకటించింది. కరోనా వచ్చేనాటికీ అది ముసాయిదాగానే ఉంది. లాక్‌డౌన్‌లో ఎక్కడి డేరాలు అక్కడే ఆగిపోయాయి. టికెట్లు లేవు కాబట్టి మనుషులకి జీతాల్లేవు, జంతువులకి మేత కష్టమైంది. ఆ సంగతి ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్ళింది. జంతువుల్ని ప్రేమగా చూసుకున్న యజమానులూ ఉండొచ్చు, కాదనను. కానీ ఆట ఆగిన మర్నాడే తిండికి దిక్కు లేకుండా పోయే ఏర్పాటుని ప్రేమ ఒక్కటే మోయలేదు.

సర్కస్ వదిలిన ఏనుగు ఎక్కడికి పోతుందన్నదే ఇప్పుడు మిగిలిన చిక్కు. పెంపుడు ఏనుగుని అమ్మడం నేరం. అయితే 2022లో వన్యప్రాణి చట్టాన్ని సవరించి, యాజమాన్య పత్రం ఉన్నవాళ్ళు 'మతపరమైన లేదా మరే ఇతర అవసరానికైనా' ఏనుగుని ఇంకొకరికి బదిలీ చేయవచ్చన్నారు. ఆ ఇతర అవసరం ఏమిటో అందులో చెప్పలేదు. పెళ్ళి ఊరేగింపు కావొచ్చు, షాపు ప్రారంభోత్సవం కావొచ్చు. అక్కడ టికెట్టు ఉండదు కాబట్టి 1960 నాటి ఆ అధ్యాయం లెక్కలో అది ప్రదర్శనే కాదు.