రెండు పాదాల మధ్య మూడు వేల వోల్టులు

మా మేనల్లుడు హైదరాబాద్ శివార్లలో ఒక అపార్ట్‌మెంట్ సైట్‌లో ఇంజనీరు. ఏప్రిల్‌లో ఒక సాయంత్రం ఫోన్ చేసి, "మావయ్యా, మా దగ్గర టవర్ క్రేన్ ఉంది, పిడుగు పడితే దానిమీదే పడుతుంది కదా, ఇక కింద పనిచేసేవాళ్లకు భయం లేనట్టేగా?" అని అడిగాడు. మొదటి సగం దాదాపు నిజమే, ఎత్తుగా ఉన్నదానిమీద పడే అవకాశం ఎక్కువ. రెండో సగమే ప్రమాదం. క్రేన్ మీద పడ్డ పిడుగు క్రేన్‌లో ఆగిపోదు, దాని కాళ్ల దగ్గర నేలలోకి దిగి నలుదిక్కులా పరుచుకుంటుంది.

చాలా ఏళ్లు ఫిజిక్స్ చెప్పాను. మేఘంలో చార్జి ఎలా వేరుపడుతుందో క్లాసులో గంటసేపు చెబుతాం, పిడుగు గీత నేలను తాకగానే బోర్డు మీద బొమ్మ అయిపోతుంది. చావులు ఎక్కువగా జరిగేది ఆ గీత కిందే. నేరుగా నెత్తిన పడి చనిపోయేవాళ్లు నూటికి అయిదుగురికి మించరనీ, నేల గుండా వచ్చిన కరెంటుతో పోయేవాళ్లే దాదాపు సగమనీ పిడుగు గాయాల మీద పనిచేసిన డాక్టర్ల అంచనా. మన దేశంలో పిడుగులకు ఏటా రెండు వేల మందికి పైగా పోతున్నారు, అందుకే ఆ నేల సంగతి కాస్త విడమరిచి చెబుతాను.

పిడుగు దిగినచోట నేలమీద కంటికి కనిపించని గుట్ట ఒకటి లేచిందనుకోండి, వోల్టేజీ గుట్ట. నడిమధ్యన నిట్టనిలువుగా ఉంటుంది, దూరం పోయేకొద్దీ వాలు తగ్గుతుంది. మీ ఒక పాదం గుట్ట మీద కాస్త పైన, రెండోది కాస్త కింద ఉంటే ఆ రెండు ఎత్తుల తేడా మీ ఒంట్లో కరెంటును నడుపుతుంది, ఒక కాలిలో ఎక్కి ఇంకో కాలిలో దిగుతుంది. లెక్క వేద్దాం. ఇంట్లో ఫ్యాన్‌కి అర ఆంపియర్ కూడా అక్కర్లేదు, మామూలు పిడుగులో 30,000 ఆంపియర్లు. నేల విశిష్ట నిరోధం, అంటే కరెంటును నేల ఎంత అడ్డుకుంటుందో చెప్పే సంఖ్య, 100 ఓమ్ మీటర్లనుకుంటే, ఈ రెండూ గుణించి, 6.28తో, మళ్లీ దూరంతో భాగిస్తే ఆ దూరంలో వోల్టేజీ వస్తుంది. పది మీటర్ల దగ్గర దాదాపు 47,700 వోల్టులు, ముప్పావు మీటరు అవతల 44,400. అంటే ఒక్క అంగకి 3,300 వోల్టుల తేడా! అది సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు, కానీ మనిషిని పడగొట్టడానికి చాలు.

ఇదే గుట్ట మీద పాదాలు రెండూ దగ్గరగా, పది సెంటీమీటర్ల ఎడంతో పెట్టి నిలబడితే తేడా 500 వోల్టుల లోపే. అక్కడే కాళ్లు చాపుకుని పడుకున్నవాడికి తల నుంచి పాదం దాకా ఆరువేల అయిదువందలు. ఆవుకి ముందు కాళ్లకీ వెనక కాళ్లకీ మధ్య మీటరున్నర, పైగా దారిలో గుండె ఉంది, అందుకే చెట్టు కింద మనిషి బతికి పశువు చచ్చిపోయిందని వింటుంటాం. 2016 ఆగస్టులో నార్వేలో హార్డాంగర్‌విద్దా పీఠభూమి మీద పిడుగుపాటుకు ఒకేచోట 323 రెయిన్‌డీర్లు చనిపోయాయి. ఒక్కోదానిమీద ఒక్కో పిడుగు పడలేదు, ఆ మంద నిలబడ్డ నేలే చంపింది.

ఇప్పుడు సైట్‌కి రండి. హైదరాబాద్‌లో సెల్లార్ తవ్వితే రాయి తగులుతుంది. రాతికి నిరోధం నల్లరేగడి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, పైన ఒక పొర తడి మట్టి, కింద రాయి ఉంటే కరెంటు లోతుకి దిగలేక పైపైనే పాకుతుంది, గుట్ట ఇంకా ఏటవాలవుతుంది. అంతకంటే ఘోరం ముట్టుకోవడం. పిల్లర్ల పైకి వదిలిన ఊచలనో, ఇనుప పరంజానో, క్రేన్ కొక్కేనికి వేలాడే బరువునో పట్టుకున్న మనిషికి చెయ్యి గుట్ట శిఖరం మీద, కాలు వాలు మీద, మధ్యలో గుండె. సెంట్రింగ్ మీద ఊచలు కట్టేవాళ్లకీ, కాంక్రీటు వైబ్రేటర్ పట్టినవాళ్లకీ అందుకే అందరికంటే ముప్పు ఎక్కువ. గోడలు, వైరింగ్, ఎర్తింగ్ లేని సగం కట్టిన బిల్డింగ్ ఆశ్రయం కాదు, రబ్బరు చెప్పులూ కాపాడవు, మేఘం నుంచి కిలోమీటర్ల గాలిని చీల్చుకుని వచ్చినదానికి అర అంగుళం రబ్బరు లెక్కా? అద్దాలు మూసిన బస్సు, కారు, టిప్పర్ క్యాబిన్ మంచివి, టైర్ల వల్ల కాదు, చుట్టూ ఉన్న లోహం కరెంటును బయటినుంచే దింపేస్తుంది. క్రేన్ ఆపరేటర్ కూడా మూసిన క్యాబిన్‌లో కూర్చుని ఉంటే చాలావరకు క్షేమం, నిచ్చెన దిగుతూ ఉంటే కాదు, దిగడానికే చాలాసేపు పడుతుంది కాబట్టి అతన్ని అందరికంటే ముందు దించాలి.

ఎంత ముందు? ఉరిమితే మా నాయనమ్మ "అర్జునః ఫల్గుణః పార్థః కిరీటీ శ్వేతవాహనః, బీభత్సుః విజయః కృష్ణః సవ్యసాచీ ధనంజయః" అనేది. ఆ పేర్లు పిడుగును ఆపలేవు, కానీ గడియారంగా బాగా పనికొస్తాయి. మెరుపు కనపడగానే సెకనుకో పేరు చొప్పున మొదలుపెట్టండి. శబ్దం మూడు సెకన్లలో కిలోమీటరు వస్తుంది. పది పేర్లు మూడుసార్లు పూర్తయ్యేలోపు ఉరుము వినపడితే పిడుగు పది కిలోమీటర్ల లోపలే ఉంది, పని ఆపేయాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మొదలుపెట్టకూడదు, వాన లేకపోయినా సరే. కాంక్రీటు కలిపే మిల్లర్ మోతలో ఉరుము వినపడదు కనక, పిడుగు హెచ్చరికలిచ్చే దామిని యాప్ (పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్లది) ఒకరి ఫోన్‌లో ఉండాలి.

ఇంకో నమ్మకం మాత్రం ప్రాణాలు తీస్తోంది. పిడుగు తగిలినవాడిని ముట్టుకుంటే షాక్ కొడుతుందంటారు, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్ వైపు పేడలో మెడదాకా పూడ్చిన సంఘటనలు కూడా ఉన్నాయి. ఒంట్లో కరెంటు ఏమీ మిగలదు. చాలాసార్లు గుండె మళ్లీ తనంతట తాను కొట్టుకుంటుంది, ఊపిరి మాత్రం వెంటనే రాదు, ఆ కాసేపట్లో గాలి అందక గుండె రెండోసారి ఆగుతుంది. కాబట్టి ఒకరు 108కి ఫోన్ చేస్తుండగానే ఇంకొకరు నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీ నొక్కాలి, నోటితో ఊపిరి ఇవ్వాలి. చాలామంది ఒకేసారి పడిపోతే మూలుగుతున్నవాళ్ల దగ్గరికి కాకుండా కదలనివాళ్ల దగ్గరికి ముందు వెళ్లాలి.

పోయిన వారం మా మేనల్లుడు మళ్లీ ఫోన్ చేశాడు. కూలీలను తెచ్చే బస్సును మధ్యాహ్నం వెనక్కి పంపకుండా గేటు లోపలే ఉంచుతున్నారట. మెరిసినప్పుడల్లా మేస్త్రి గట్టిగా పేర్లు చదువుతున్నాడనీ, మొన్న రెండోసారి "సవ్యసాచీ" దగ్గర ఉరిమితే స్లాబ్ మీద నుంచి అందరినీ దింపేశాడనీ చెప్పాడు.