ఆ కొండ సంగతి వీళ్ళకూ తెలిసుంటే

పిల్లలూ,

మొన్న ఫోన్‌లో అడిగారు కదా, పైలట్ తప్పు చేస్తే ఉద్యోగం ఊడుతుందా తాతయ్యా అని. ఆ రోజు హడావిడిలో ఏదో చెప్పేశాను, ఇవాళ తీరిగ్గా రాస్తున్నా.

1974 డిసెంబర్ 1. అమెరికాలో టీడబ్ల్యూఏ అనే విమాన కంపెనీ వాళ్ళ 514 నంబరు ఫ్లైట్, బోయింగ్ 727, వాషింగ్టన్ దగ్గర డలెస్ ఎయిర్‌పోర్టులో దిగడానికి వస్తోంది. ఇంకా 80 కిలోమీటర్ల దూరం ఉండగానే, నేల మీంచి విమానాలకు దారి చెప్పే కంట్రోలర్ దిగడానికి రావచ్చని క్లియరెన్స్, అంటే అనుమతి, ఇచ్చాడు. ఇచ్చాడంటే దారిలో అడ్డేమీ లేదని పైలట్లు అనుకున్నారు, కొండల సంగతి పైలట్లే చూసుకుంటారని కంట్రోలర్ అనుకున్నాడు. అక్కడ 3,400 అడుగుల కంటే దిగకూడదని చార్టులో ఉంది, కెప్టెన్ అది చూశాడు కూడా, అయినా క్లియరెన్స్ ఇచ్చారు కదా అని 1,800 అడుగులకు దిగడం మొదలుపెట్టారు. మౌంట్ వెదర్ కొండను గుద్దుకుని 92 మందీ పోయారు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇది కాదు. అంతకు ఆరు వారాల ముందే యునైటెడ్ అనే ఇంకో కంపెనీ విమానం ఒకటి అచ్చం ఇలాగే పొరబడి, అదే కొండకు తగలబోయి వెంట్రుకవాసిలో బయటపడింది. ఆ పైలట్లు దాచకుండా చెప్పారు, కంపెనీ తన పైలట్లందరినీ హెచ్చరించింది. ఆ కబురు టీడబ్ల్యూఏ వాళ్ళకు చేరలేదు!

మరి అందరికీ చేరాలంటే ముందు ఎవరో ఒకరు చెప్పాలి. లైసెన్సు పీకే ఎఫ్‌ఏఏకే, అంటే అమెరికాలో విమానయానాన్ని అదుపు చేసే ప్రభుత్వ సంస్థకే, వెళ్ళి నా తప్పు ఇదీ అని ఎవరు రాసిస్తారు? అందుకే 1976లో పైలట్లు రాసిచ్చేవి తీసుకునే పని నాసాకు అప్పగించారు. నాసాకు ఎవరినీ శిక్షించే అధికారం లేదు. కావాలని చేసింది కాకపోతే, పది రోజుల్లోపు రాసి పంపితే, మామూలుగా జరిమానా, సస్పెన్షన్ ఉండవు. నేరాలకు, ప్రమాదాలకు మాత్రం ఇది వర్తించదు, అది న్యాయమే.

పైలట్లు రాసి పంపే ఫారం పైభాగంలో పేరు, ఫోన్ నంబరు రాసే ముక్క ఒకటి ఉంటుంది. అనుమానాలుంటే ఫోన్ చేసి అడుగుతారు, తర్వాత ఆ ముక్క మీద తేదీ ముద్ర వేసి పైలట్‌కే తిప్పి పంపేస్తారు. ఇక నాసా దగ్గర మిగిలేది జరిగిన కథే, మనిషి పేరు కాదు.

ఆ కథల్లో కొన్నిటిని ‘కాల్‌బ్యాక్’ అనే నెలవారీ పత్రికలో పైలట్ల మాటల్లోనే వేస్తారు, ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. నాన్నతో ఒకటి ప్రింటు తీయించి పట్టుకురండి, సెలవుల్లో కూర్చుని చదువుదాం.

మీ తాతయ్య