అద్దె ఇంటి తనిఖీ: మన విజయనగరంలో తరచూ వినే అపోహలు, వాస్తవాలు

విశాఖలోనో, హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో ఉంటూ ఇక్కడి ఇల్లు అద్దెకిచ్చిన ఓనర్ల తరఫున ఆ ఇళ్ల బాగోగులు చూడటం నా పని. బాబామెట్ట, తోటపాలెం, దాసన్నపేట, రింగురోడ్డు వైపు ఎక్కడికెళ్లినా ఓనరుకు అద్దెదారు మీద అనుమానం, అద్దెదారుకు ఓనరు మీద అనుమానం. తనిఖీ అనగానే ఇద్దరికీ టెన్షనే. కానీ తనిఖీలో నేను చూసేది మనుషుల్ని కాదు, ముఖ్యంగా నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయి, ఎటు దిగుతున్నాయి అని. మన వైపు ఇళ్లు పాడయ్యేది ఎక్కువగా వాటివల్లే.

అపోహ: అద్దె నెలనెలా పడుతోంది, ఫిర్యాదు లేదు, అంటే ఇల్లు బాగున్నట్టే.

అన్నిటికన్నా ఎక్కువ ఖర్చు తెచ్చేది ఈ నమ్మకమే. మంచి అద్దెదారులే చాలాసార్లు నోరు విప్పరు. రిపేరు అడిగితే అద్దె పెంచుతారేమో, ఖాళీ చేయమంటారేమో అని వాళ్ల భయం. "ఏటండీ, అద్దె టైముకే వేస్తున్నాం కదా, ఇంక చూడ్డానికేటుంది?" అని గుమ్మంలోనే అడిగిన ఒక ఇంట్లో, పడకగది పైకప్పుకు పళ్లెం అంత గోధుమరంగు మరక ఉంది. మేడ మీదకెళ్తే కారణం కళ్ల ముందే ఉంది. పక్కింటి మామిడాకులు, వాటిమీద ఒక పాల ప్యాకెట్టు కవరు, దానిమీద మట్టి పేరుకుని వాన గొట్టం మూతి పూర్తిగా మూసుకుపోయింది. నీళ్లు పిట్టగోడ మూలన నిలిచి, శ్లాబు కలిసే చోట సన్నటి పగుల్లోంచి దిగుతున్నాయి. అప్పుడు చూశాం కాబట్టి గొట్టం శుభ్రం చేసి ఆ మూల పూడిస్తే సరిపోయింది. వదిలేస్తే నీళ్లు లోపలి ఇనుముకు తగులుతాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును పెచ్చులుగా తోసేస్తుంది. భోగాపురం, పూసపాటిరేగ వైపు ఉప్పుగాలికి ఇది మరీ తొందరగా జరుగుతుంది. అక్కడి సన్‌షేడ్లను కర్రతో తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే ఆ పెచ్చు ఎవరి నెత్తిమీదో పడేలోపు మేస్త్రీని పిలవండి. పిట్టగోడలో రావి మొక్క కనిపిస్తే కోసి ఊరుకోవద్దు, వేరుతో తీయించండి. కోసినది మళ్లీ చిగురిస్తుంది.

అపోహ: ఇల్లు నాది, ఎప్పుడైనా వెళ్తాను. (అద్దెదారుల వైపు నుంచి: అద్దె కడుతున్నాం, ఓనరు లోపలికి రావడానికే వీల్లేదు.)

రెండూ తప్పే. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, అగ్రిమెంటులో వేరేగా రాసుకోకపోతే, సమంజసమైన వేళల్లో ఓనరు గానీ ఆయన మనిషి గానీ వచ్చి ఇల్లు చూసుకోవడానికి అద్దెదారు ఒప్పుకోవాలి. ఆ సమంజసమైన వేళ అన్న మాటలోనే అద్దెదారుకు రక్షణ ఉంది. 2021లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టం కనీసం 24 గంటల ముందు నోటీసు ఇవ్వాలంటుంది. నేను రెండు మూడు రోజుల ముందే వాట్సాప్‌లో రోజు, టైము, ఏం చూస్తానో రాసి పంపుతాను. ఇంట్లో చంటిపిల్లలో, పరీక్షలకు చదివే పిల్లలో ఉంటే వాళ్లు చెప్పిన టైముకే వెళ్తాను. బీరువా తెరవమని అడగను, వంటింట్లో ఏం వండుతున్నారో నాకు అనవసరం. మారు తాళంచెవితో, వాళ్లు లేనప్పుడు లోపలికెళ్లడం మాత్రం పెద్ద తప్పు. మంటో, నీళ్ల పైపు పగలడమో లాంటి ఆపద అయితే తప్ప ఆ పని చేయకండి.

అపోహ: గోడ చెమ్మకు పుట్టీ పెట్టి రంగేస్తే సరి.

ఒక్క వానాకాలం కూడా ఆగదు. చెమ్మ మచ్చ చుట్టూ పెన్సిలుతో గీత గీసి పక్కన తేదీ వేయండి. అది బాత్రూమును ఆనుకున్న గోడైతే, రెండు రోజులు ఆ బాత్రూము వాడకుండా చూడండి. మచ్చ తగ్గితే నేల టైళ్ల సందుల్లోంచి నీళ్లు దిగుతున్నట్టు. తగ్గకపోతే పైపును అనుమానించాలి. రాత్రి మోటారు, కుళాయిలు అన్నీ కట్టేసి ట్యాంకులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో గుర్తుపెట్టుకోండి. తెల్లారేసరికి మట్టం తగ్గితే ఎక్కడో లీకు ఉంది.

అపోహ: లైట్లు వెలుగుతున్నాయి, వైరింగ్‌కు ఏం కాలేదు.

పాత ఇళ్లల్లో ఇది నన్ను నిజంగా భయపెడుతుంది. లైట్ల కోసం వేసిన సన్న వైరు మీద అద్దెదారు ఏసీ పెట్టుకుంటాడు. ఒకటిన్నర టన్నుల ఏసీకి విడిగా వైరు, విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే కరెంటు ఆపే స్విచ్చు), 16 ఆంపియర్ల సాకెట్టు ఉండాలి. సాకెట్టు చుట్టూ గోధుమరంగు కనిపించినా, కాలిన వాసన వచ్చినా వెంటనే వాడకం ఆపించండి. ప్రాణం కాపాడేది ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు. 30 మిల్లీఆంపియర్లది పెట్టించి, దానిమీది టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కమని అద్దెదారుకు చూపించండి. నొక్కినా కరెంటు పోకపోతే అది పనిచేయట్లేదని అర్థం.

అపోహ: రిపేర్లన్నీ ఓనరువే. లేదా అన్నీ అద్దెదారువే.

నమూనా చట్టంలో జాబితా స్పష్టంగా ఉంది. గోడలు, శ్లాబు రిపేర్లు, సున్నం, రంగులు, పైపుల మార్పు, వైరింగ్ ఓనరువి. కుళాయి వాషర్లు, స్విచ్చులు, గీజరు, తాళాలు, కిటికీ అద్దాలు అద్దెదారువి. అది నమూనా మాత్రమే కాబట్టి ఆ జాబితాను మీ అగ్రిమెంటులోనే రాసుకోండి, గొడవలు చాలావరకు అక్కడే ఆగుతాయి.

అపోహ: తుపాను వచ్చాక చూసుకోవచ్చు.

హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చింది, తిత్లీ 2018 అక్టోబరు 11న. అందుకే మే నెలాఖరులో ఒకసారి, సంక్రాంతి రంగులకు ముందు ఒకసారి ఇల్లంతా చూసినా, సెప్టెంబరులో మేడ మీదకు మాత్రం తప్పకుండా ఎక్కాలి. వాన గొట్టాలు, ట్యాంకు మూత, వదులైన రేకులు, డిష్ యాంటెన్నా బోల్టులు చూసుకోవాలి. ఎగిరిన రేకు ఎక్కడ పడుతుందో ఎవరూ చెప్పలేరు.

అపోహ: ఖాళీ చేసే రోజు చూసి అడ్వాన్స్‌లో కోసుకుంటే చాలు.

రంగు వెలిసిపోవడం, క్యాలెండరు మేకు కన్నం లాంటివి వాడకంలో వచ్చే అరుగుదల, వాటికి డబ్బు కోయకూడదు. పగిలిన వాష్‌బేసిన్‌ సంగతి వేరు. అద్దెదారు దిగేటప్పుడు తాళాలిచ్చే రోజే ఇద్దరూ కలిసి గదిగదికీ ఫోటోలు తీసి, ఇద్దరి ఫోన్లలోనూ ఉంచుకోండి. ఖాళీ చేయడానికి రెండు వారాల ముందు అవే ఫోటోలు పట్టుకుని మళ్లీ తిరిగితే, అద్దెదారు తను చేయించాల్సింది చేయించుకోవడానికి టైము ఉంటుంది, అడ్వాన్స్ కూడా పూర్తిగా వెనక్కి వస్తుంది.