హార్వర్డ్ వదిలి ఆడమ్ దగ్గరికి

పొద్దున్నే ఆడమ్‌ను నిద్ర లేపాలి. మందులు వేయాలి. స్నానానికి మోసుకెళ్లి ఒళ్లు రుద్దాలి, గడ్డం గీయాలి, పళ్లు తోమాలి, బట్టలు తొడగాలి, వంటగదిలోకి నడిపించి బ్రేక్‌ఫాస్ట్ తినిపించాలి. గంటన్నర పట్టేది. ఆడమ్‌కు పాతికేళ్లు. మాట రాదు, ఫిట్స్ వస్తుంటాయి. ఈ పనులన్నీ చేస్తున్నాయనకు యాభై దాటాయి. ఏడాది కిందటిదాకా హార్వర్డ్‌లో పాఠాలు చెప్పినవారు. మొదట్లో ఆడమ్ ఎక్కడ పడిపోతాడో అని ఆయనకు ఒకటే టెన్షన్.

ఆయన పేరు హెన్రీ నౌవెన్. 1932లో నెదర్లాండ్స్‌లోని నైకెర్క్‌లో పుట్టారు, 1957లో కేథలిక్ గురుపట్టం పొందారు. ప్రార్థనతో పాటు మనిషి మనసు కూడా తెలియాలని నైమెగన్‌లో సైకాలజీ చదివారు. అదే చదువు 1964లో ఆయన్ని అమెరికాలోని మెనింజర్ క్లినిక్ అనే మానసిక వైద్యశాలకు తీసుకెళ్లింది. తర్వాత అక్కడి నోటర్‌డామ్ యూనివర్సిటీలో బోధించారు, కొన్నాళ్లు స్వదేశం వెళ్లొచ్చారు, 1971 నుంచి పదేళ్లు యేల్‌లో ఉన్నారు.

పేరు తెచ్చిన పుస్తకాల్లో చాలావరకు తనది కాని ఇంగ్లిష్‌లోనే రాశారు. 1972లో వచ్చిన 'ది వూండెడ్ హీలర్' చెప్పింది ఒక్కటే: ఇతరులను ఓదార్చేవాడు తన గాయాన్ని దాచుకోనక్కర్లేదు, అక్కడి నుంచే ఓదార్చవచ్చు. పాస్టర్లు, నర్సులు, కౌన్సెలర్లు ఆ మాటను పట్టుకున్నారు. కేథలిక్ గురువు పుస్తకాలను ప్రొటెస్టెంట్లు అంత ఇష్టంగా చదవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

ఒంటరితనం గురించి అంత బాగా రాసిన మనిషిని ఆ ఒంటరితనం వదల్లేదు. యేల్ తర్వాత చేరిన హార్వర్డ్‌లో క్లాసులు కిక్కిరిసేవి, ఆయన మాత్రం లోపల ఎండిపోతూ వచ్చారు. 1985లో రాజీనామా చేసి, మానసిక వైకల్యం ఉన్నవారితో కలిసి బతికే లార్ష్ సమాజానికి, ఫ్రాన్స్‌కు వెళ్లారు. మరుసటి ఏడాది కెనడాలో టొరంటో దగ్గర డేబ్రేక్ అనే లార్ష్ సమాజంలో చేరారు. ఆడమ్ ఉండేది అక్కడే. అక్కడివాళ్లు ఆయన పుస్తకాలు చదవలేరు, పేరుప్రతిష్ఠలతో వాళ్లకు పని లేదు. ఆయనకు కావలసింది అదేనని నాకనిపిస్తుంది. అయినా 1987 చివర్లో తీవ్రమైన కుంగుబాటుకు లోనై నెలల తరబడి దూరంగా ఉండి చికిత్స తీసుకున్నారు. కోలుకున్నాక మళ్లీ డేబ్రేక్‌కే వచ్చారు.

రెంబ్రాంట్ గీసిన 'తప్పిపోయిన కుమారుడు' చిత్రం మీద ఆయన రాసిన పుస్తకం 1992లో వచ్చింది. రష్యాలోని మ్యూజియంలో ఉన్న ఆ చిత్రం ఎదుటే ఒక డాక్యుమెంటరీ తీయాలని 1996 సెప్టెంబరులో అక్కడికి బయల్దేరి, దారిలో నెదర్లాండ్స్‌లో ఆగినప్పుడు గుండెపోటుతో 21న కన్నుమూశారు. ఆడమ్ ఆ ఫిబ్రవరిలోనే పోయాడు. అతని గురించి రాస్తున్న పుస్తకం పూర్తికాలేదు. డేబ్రేక్‌లోని స్నేహితురాలు దాన్ని ముగించి అచ్చుకిచ్చారు.