కొమ్ములు చూసి హాథోర్ అనేయకండి: అపోహలు - వాస్తవాలు

అపోహ: ప్రాచీన ఈజిప్టు బొమ్మల్లో తలపై ఆవు కొమ్ములు, మధ్యలో సూర్యబింబం ఉంటే అది హాథోర్ దేవతే.

వాస్తవం: ఈజిప్టు ఫొటోల కింద పదే పదే కనిపించే తప్పు ఇది. ఆ కిరీటం మొదట హాథోర్‌దే. ఐసిస్ అనే మరో దేవత తలపై సింహాసనం గుర్తు ఉండేది. కొత్త రాజ్య కాలం (సుమారు క్రీ.పూ. 1550-1070) వచ్చేసరికి ఐసిస్‌కూ కొమ్ములు, బింబం వచ్చి చేరాయి. ఈజిప్టు రాణి నెఫెర్తారి సమాధిలో ఆమెను చెయ్యి పట్టి నడిపించే ఐసిస్‌కు ఉన్నది ఈ కిరీటమే. కాబట్టి పొరబడ్డామని బాధపడక్కర్లేదు. కిరీటం వదిలేసి పేరు చూడండి.

పేరు ముఖం ముందో, తల పైనో ఉంటుంది. ఆ రాతలోని పక్షులు, మనుషులు దేవత చూసే వైపే చూస్తుంటే అది ఆమె గురించిన రాత. ఎదురు వైపు చూస్తుంటే ఆమె ముందు నిలబడ్డ రాజుది. ఇక్కడే చాలామంది తడబడతారు. దేవత రాతలో నిలువు పెట్టె, దాని లోపల డేగ కనిపిస్తే హాథోర్: 'హూత్-హోర్' అంటే హోరస్ (డేగ రూపపు దేవుడు) ఇల్లు. వీపు ఆనుకునే కుర్చీ కనిపిస్తే ఐసిస్. ఫొటో తీసేటప్పుడు కిరీటం మీదికే జూమ్ చేసి పేరును బయట వదిలేయకండి, తర్వాత ఎవరూ తేల్చలేరు. రాత చెరిగిపోయి ఉంటే 'హాథోర్ లేదా ఐసిస్' అని రాయండి.

స్తంభం మీద మనకేసి తిన్నగా చూసే ముఖం, ఆవు చెవులు ఉంటే మాత్రం సందేహం అక్కర్లేదు, హాథోరే. ఈజిప్టులోని దెందెరాలో ఉన్న హాథోర్ గుడి ముందు మండపంలోని 24 స్తంభాలకు నాలుగు వైపులా చెక్కిన ముఖాలు ఇవే.

అపోహ: దెందెరా గోడ మీద కరెంటు బల్బు ఉంది, అందుకే గుడి కప్పుకు దీపాల మసి లేదు.

వాస్తవం: మసి దట్టంగా ఉండేది. శుభ్రం చేశాకే రంగులు బయటపడ్డాయి. ఆ 'బల్బు' తామరపువ్వులోంచి పాముగా వెలువడే హర్సోంతుస్ దేవుడు. పక్కనున్న రాతలోనే ఆ సంగతి ఉంది. రాత చదవకుండా బొమ్మను మాత్రమే ప్రచారం చేయడం వల్ల పుట్టిన పుకారు ఇది.

అపోహ: హాథోర్ ప్రేమకు, పాటకు మాత్రమే దేవత.

వాస్తవం: సినాయ్‌లోని సెరాబిత్ అల్-ఖాదిమ్ గనుల దగ్గర ఆమె 'ఫిరోజా దొరసాని', ఫిరోజా (నీలి-ఆకుపచ్చ రత్నం) తవ్వేవాళ్లు కొలిచింది ఆమెనే. థీబ్స్ నగరానికి పడమటి కొండల్లో సమాధి అయినవాళ్లకు దిక్కు ఆమే. కోపం వస్తే సూర్యదేవుడు రా కన్నుగా మనుషుల్ని చంపబోయింది, ఎర్రరంగు కలిపిన బీరు తాగించి ఆపారు. ఆమె వాయిద్యం సిస్ట్రమ్‌లో అడ్డకడ్డీల మీద బిళ్లలు చిడతల్లోలాగే గలగలమంటాయి.